నీదెలాగూ అందరికీ తెలిసిందే

నా కడుపులో ఏముందో మా అత్తగారి చెల్లెలు టీవీలో చూసింది. టీ తాగుతూ చూసింది.

ఆపరేషనై ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. మాది బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షాపు. కింద మిషన్లు, పైన కాపురం. బళ్ళు తెరిచే సీజను అప్పుడే మొదలవుతోంది. బరువులెత్తొద్దన్నారని నన్ను కాలర్లకి ఇస్త్రీ పెట్టే పనిలో కూర్చోబెట్టారు. దాహమేసి మేడ మీదికి వెళ్ళేసరికి హాల్లో కర్టెన్లు మూసి ఉన్నాయి. సోఫాలో అత్తగారు, ఆవిడ చెల్లెలు, ఆ చెల్లెలి కోడలు, పక్కింటావిడ వరసగా కూర్చున్నారు. టీవీలో ఎర్రగా, తడిగా ఏదో మెరుస్తూ కదులుతోంది. సన్నటి పట్టకారొకటి వచ్చి దాన్ని పట్టుకుని లాగింది. ముదురు గోధుమరంగు ద్రవం చిక్కగా బుడుంగున పైకొచ్చింది.

“ఛీ, ఇదేంటక్కా ఇలా ఉంది,” అంది చిన్నత్తయ్య, కప్పు కింద పెట్టకుండానే.

“అదేనే తీసేసింది. మొత్తం శుభ్రం చేసేశారు. ఇంక అడ్డమేం లేదు,” అంది మా అత్తగారు, ఇల్లు సున్నం కొట్టించి చూపిస్తున్నంత గర్వంగా.

అది నా కడుపని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. బొడ్డు దగ్గర చిల్లు పెట్టి, కెమెరా లోపలికి పంపి చేసే ఆపరేషను కదా, ఆ వీడియో ఆస్పత్రివాళ్ళు పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తారు, రేపు ఇంకో డాక్టరుకి చూపించాల్సి వస్తే పనికొస్తుందని. స్కానింగు కాగితాలతో పాటు దాన్ని బీరువాలో పెట్టాను. అక్కడి నుంచి టీవీలోకి దానంతటది నడిచి రాలేదు. ఎవరు పెట్టారని ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగితే, అమ్మ అడిగింది, పెట్టాను అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరగడం చూసి ఓదార్చాడు కూడా.

“అందులో నీ మొహం ఎక్కడా కనపడదుగా. నువ్వని ఎవరికి తెలుస్తుంది?”

ఇప్పుడా ఇంట్లో లేను గనక ఇదంతా చెప్పుకోగలుగుతున్నాను.

నా జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట మొలుస్తుంది. నెలనెలా అక్కడా రక్తం కారుతుంది. పోయే దారి లేక ఆ రక్తం గడ్డకట్టి, పేగునీ అండాశయాన్నీ ఒకదానికొకటి అతికించేస్తుంది. అండాశయంలో పేరుకున్న పాత రక్తపు సంచిని చాక్లెట్ సిస్టు అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరోగానీ, నేను మళ్ళీ చాక్లెట్ ముట్టలేదు.

ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. తీసేసినా ఇది మళ్ళీ రావచ్చు. ఆపరేషను తర్వాత మొదటి ఆర్నెల్లు, మహా అయితే ఏడాది, గర్భం నిలవడానికి మంచి సమయం. నాలాంటివాళ్ళలో ఇంచుమించు సగం మందికి నిలుస్తుంది, మిగతా సగానికి నిలవదు. సిస్టుతో పాటు అండాశయంలో కొంత ముక్క కూడా పోయింది కాబట్టి నాకు మిగిలిన అండాలు తక్కువ. ఈ కాలాన్ని పారబోసుకోకుండా, ముందుగా మీ ఆయనకి వీర్యపరీక్ష చేయించండి అంది. ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక వాళ్ళమ్మకి శుభ్రం చేశారన్న సంగతి చెప్పాడు, ఆర్నెల్ల సంగతి చెప్పాడు. పరీక్ష మాట మాత్రం ఆస్పత్రి మెట్లు దిగి రాలేదు.

నాకు పిల్లలు కావాలి. ఇది దాచుకునే మాట కాదు. అత్తగారి పోరు పడలేక అనుకున్నది కాదు, వయసైపోతోందనీ కాదు. అన్నిటికంటే చిన్న సైజు చొక్కాలకి గుండీలు కుట్టేటప్పుడు నాకు చెయ్యి సాగేది కాదు, అంతే. అందుకే ఆ ఇంట్లో ఆ సీజనంతా పడ్డవన్నీ పడ్డాను.

చిన్నత్తయ్యని ఇంట్లో అందరూ చాటుగా మైకు అనేవారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. టీవీ చూసిన మర్నాటికల్లా మా షాపుకి కొలతలివ్వడానికొచ్చే తల్లులకి కూడా సంగతి చేరింది. పిల్లాడి చాతీ చుట్టూ టేపు పెడుతుంటే, “ఇప్పుడెలా ఉంది లోపల?” అని అడిగినావిడ ఉంది. నా పొట్ట వంక చూస్తూ అడిగింది. మామగారు గుడ్డ కత్తిరించడంలో మంచి కట్టరు, నోరు మాత్రం కత్తెర కంటే పదును. పనివాళ్ళ ముందే నవ్వుతూ, ఆల్టరేషను అయిపోయింది, ఇంక డెలివరీయే లేటు అన్నారు. కాజాలు కుట్టే ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన కూడా నవ్వాడు.

ఇవన్నీ ఒకెత్తు, అత్తగారి లెక్కలు ఒకెత్తు. నా నెలసరి తేదీ ఆవిడకి నాకంటే బాగా తెలుసు. చెప్పకపోతే తెలియదనుకున్నాను నేను, అమాయకంగా. ఒక ఉదయం బాత్రూం చెత్తబుట్ట మూత తీసి, కాగితంలో చుట్టి పడేసినదాన్ని వేలి చివరతో విప్పి చూస్తూ దొరికింది. సిగ్గుపడలేదు సరికదా, ఈసారీ పోయిందన్నమాట అని నిట్టూర్చింది. ఆ తర్వాత ఆ పొట్లాల్ని సంచిలో పెట్టుకుని, వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చేదాన్ని. అలా వెళ్తున్నప్పుడు, దొంగతనం చేసి పట్టుకుపోతున్నట్టు ఉండేది నా నడక.

మంచి రోజులని ఆవిడ లెక్కగట్టిన రోజుల్లో, సాయంత్రం మెట్ల మీద నిలబడి కిందికి కేకేసేది, ఇవాళ మిషను తొందరగా కట్టెయ్యరా అని. మిషన్లన్నీ ఒక్క క్షణం ఆగేవి. అది ఎందుకో అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఆయన తలవంచుకుని పైకొచ్చేవాడు. చేతులకి సుద్దపొడి అలాగే ఉండేది. అప్పజెప్పిన పని పూర్తి చేసి అటు తిరిగి పడుకునేవాడు. నేను పైకప్పు చూస్తూ, కదిలితే పోతుందేమోనని అలాగే పడి ఉండేదాన్ని. అసహ్యం ఆయన మీదా, ఆవిడ మీదా, కదలకుండా పడుకున్న నా మీదా అన్నది తేలేది కాదు.

అలా నెలలు కరిగిపోయాయి. షాపు నిండా నీలం గుడ్డ తానులు, ఆర్డర్లు, అరుపులు. సీజను ముదిరేసరికి పొత్తికడుపులో పాత నొప్పి మళ్ళీ తొంగిచూసింది. ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. పరీక్ష చేసి, మీ ఆయన రిపోర్టేది అని అడిగింది. సీజను కదండీ, తీరిక దొరకలేదు అన్నాను. ఆయన తరఫున అబద్ధమాడటం అప్పటికి అలవాటైపోయింది.

ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూసింది. “సీజను ఏటా వస్తుందమ్మా. అండాలు రావు.”

ఇంటికొచ్చి ఆ మాటే ఆయనకి చెప్పాను. అప్పుడు ఆయన బయటపడ్డాడు. అక్కడ ఒక గది ఉంటుందట, ఒక సీసా ఇచ్చి గడియ పెట్టుకోమంటారట, బయట కూర్చున్న వాళ్ళందరికీ లోపల ఏం చేస్తున్నామో తెలుస్తుందట. ఎవరో స్నేహితుడు చెప్పాడట. “ఛీ, తల్చుకుంటేనే రోత. నా వల్ల కాదు,” అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆపరేషనుకి ముందు నా కాళ్ళు రెండూ ఎడంగా కట్టేసి, నేర్చుకోవడానికొచ్చిన కుర్ర డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూశారు. అదంతా ఈయనకి చెప్పాను కూడా. అప్పుడు రోత కలగలేదు. నేను నవ్వడం చూసి ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

ల్యాబుకి ఫోను చేసి నేనే కనుక్కున్నాను. ఇంట్లోనే తీసి ఇవ్వొచ్చు, కాకపోతే గంట లోపల తేవాలి, చల్లబడకూడదు, ఒంటికి ఆనించి పట్టుకు రండి అన్నారు. అది వినగానే ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఒక ఉదయం బాత్రూంలోంచి వచ్చి, నా వంక చూడకుండా, కిటికీ మీద పెట్టాను, పట్టుకెళ్ళు అన్నాడు. మీరు రారా అంటే, అక్కడ తెలిసినవాళ్ళెవరైనా చూస్తే బాగుండదు అన్నాడు. నేను చెప్పులేసుకునేసరికి కింద ఆయన మిషను మోగుతోంది.

ఆ సీసాని జాకెట్లో దోపుకుని బస్సెక్కాను. నిలబడ్డానికి చోటు లేదు. నాలుగు వైపులా జనం నెడుతున్నారు, నేను రెండు చేతులూ గుండెకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. సీసా గోరువెచ్చగా ఒంటికి తగులుతూనే ఉంది. నాకు కావల్సిన బిడ్డ అందులోనే ఎక్కడో ఉండాలని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట మీద మనసు నిలవలేదు. చెమటా, రోతా తప్ప ఇంకేమీ తెలియలేదు. ల్యాబులో కౌంటరు దగ్గరి అమ్మాయి సీసా వంక చూసి, ఇది తెచ్చిందెవరు, భర్త రాలేదా అని గట్టిగా అడిగింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. నేనే చెయ్యెత్తాను.

రిపోర్టులో వీర్యకణాలు చాలా తక్కువ, ఉన్నవాటిలోనూ కదిలేవి తక్కువ. ఒక్కసారికే తేల్చేయకూడదని డాక్టరమ్మ కొన్ని వారాలాగి మళ్ళీ చేయించింది. మళ్ళీ బస్సు, మళ్ళీ జాకెట్టు. రెండోసారీ అదే మాట వచ్చింది. మామూలుగా గర్భం నిలవడం కష్టం అంది ఆవిడ. దారి మూసుకుపోలేదు, అండాన్ని బయటికి తీసి, మంచి కణాన్ని ఏరి అందులో ప్రవేశపెట్టి, పిండాన్ని మళ్ళీ గర్భంలో పెట్టొచ్చు. ఒక్కో ప్రయత్నానికీ నా స్థితిలో వందకి ముప్పై మందికి ఫలిస్తుంది. తప్పెవరిదన్న మాట ఇక్కడ లేదమ్మా, ఇద్దర్నీ కలిపే చూడాలి, ఆలస్యం మాత్రం చేయకండి అంది. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే, ముప్పై అనగానే ప్రాణం లేచొచ్చింది.

ఇంట్లో ఆ ముప్పైని ఎవరూ వినలేదు. నేను చెప్పడం పూర్తికాక ముందే అత్తగారు లేచి వంటింటి తలుపు వేసింది. తర్వాత కిటికీ రెక్కలు కూడా దగ్గరికి లాగింది.

“ఈ మాట గడప దాటడానికి వీల్లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది,” అంది.

నా కడుపు చించి హాల్లో ఆడించినప్పుడు ఈ సామెత ఎక్కడ నిద్రపోయిందో మరి. ఆయన మంచినీళ్ళ బిందె పక్కన నిలబడి, చొక్కాకి అంటుకున్న దారప్పోగులు ఏరుతున్నాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటారు అన్నాను. అత్తగారు నా పక్కనే కూర్చుని నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆ ఇంట్లో ఆవిడ నన్ను అలా ముట్టుకోవడం అరుదు.

“నీదెలాగూ అందరికీ తెలిసిందే కదమ్మా. అది అలాగే ఉండనీ. వాడు నలుగుర్లో తిరిగేవాడు.”

అంత మెత్తగా చెప్పింది. చెయ్యి వెనక్కి లాక్కుని చీరకి తుడుచుకున్నాను. ఆవిడ చూసింది, చూడనట్టు ఊరుకుంది. ఆయన గొంతు సవరించుకుని, ఎవరో పొడిమందు ఇస్తారట, ఏడాది వాడి చూస్తాను, ఆ తర్వాత ఆ ముప్పై సంగతి ఆలోచిద్దాం అన్నాడు. నా దగ్గర ఏడాది లేదండీ అన్నాను. ఆయన పోగులు ఏరడం ఆపలేదు.

బళ్ళు తెరిచారు. షాపులో రద్దీ తగ్గి, వెనక్కొచ్చిన బిగుతు చొక్కాలు వదులు చేసే పని మాత్రం మిగిలింది. అలాంటి ఒక మధ్యాహ్నం మైకు దిగింది. కింద షాపులోనే, కటింగు బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మామగారు, అత్తగారు, మా ఆయన అక్కడే ఉన్నారు. నేను మూలన విప్పిన కుట్లలోని దారాలు లాగుతున్నాను. కాసేపు ఎండల గురించి మాట్లాడి, ఆవిడ అసలు సంగతికొచ్చింది. అంత పెద్ద ఆపరేషను చేయించినా ఈ పిల్ల కడుపు పండలేదు కాబట్టి అబ్బాయికి ఇంకో దారి చూడాలంది. తన ఎరికలో ఒక పిల్ల ఉందట, ఒడ్డూ పొడుగూ బాగుంటుందట, నోట్లో నాలుక లేనిదట.

“దీన్ని పొమ్మనట్లేదక్కా. ఇంట్లోనే ఉంటుంది. మిషను పనికి మనిషి కావాలిగా,” అంది, నా మీద దయ తలుస్తూ.

మామగారు గుడ్డ మీద గీత గీస్తూనే ఉన్నారు. అత్తగారు కాదనలేదు, ఔననలేదు. నేను మా ఆయన వంక చూశాను. ఆ పరీక్ష సంగతి తెలిసిన మనుషులం ముగ్గురం అక్కడున్నాం. ఒక్క మాట, ఆగు పిన్నీ అన్న ఒక్క మాట, ఆయన అంటే చాలని చూశాను. ఆయన మెడలోని టేపు తీసి వేలికి చుట్టాడు. మొత్తం చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

“చిన్నత్తయ్యా, ఆ పిల్లని ఇచ్చే ముందు ఈయన పరీక్ష ఫలితం అడగమనండి. రెండుసార్లు చేయించాం. రెండుసార్లూ నేనే మోసుకెళ్ళాను. ఈయన వల్ల పిల్లలు కలగడం నాకంటే కష్టం,” అన్నాను.

గొంతు పెంచలేదు. దారాలు లాగుతూనే అన్నాను. మామగారి చేతిలో సుద్ద ఆగింది. చిన్నత్తయ్య నోరు తెరుచుకుని మా అత్తగారి వంక చూసింది, అత్తగారు నేల వంక చూసింది. అదే ఆవిడకి జవాబైపోయింది. టీ కూడా తాగకుండా లేచి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వెళ్ళిపోయింది. ఇంకెక్కడికెళ్ళి తాగాలో ఆవిడకి తెలుసు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం అనవసరం. ఆ ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. పరువు తీశావు అని ఆయన ఒకేఒక్కసారి అన్నాడు. అన్నం పెడుతున్నప్పుడు అన్నాడు, అన్నం మాత్రం తిన్నాడు. అయినా నేను సిగ్గు లేకుండా ఆ ముప్పైని పట్టుకుని వేలాడాను. రోజూ అడిగాను. వేడుకున్నాను. చివరికి ఒక ఉదయం, సరే పద, అని బయల్దేరాడు. ఆస్పత్రిలో నా పక్క కుర్చీ వదిలేసి అవతలి దాంట్లో కూర్చున్నాడు. ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ మా ముందు రెండు దారులు పెట్టింది. పిల్లలు కావాలనుకుంటే వచ్చే నెలసరికే ఇంజక్షన్లు మొదలుపెట్టాలి, దానికి ఇద్దరూ ఒప్పుకుని సంతకాలు చేయాలి. ఇప్పుడు వద్దనుకుంటే జబ్బు తిరగబెట్టకుండా మాత్రలున్నాయి, అవి వాడినంత కాలం నెలసరీ ఉండదు, గర్భమూ రాదు. ఇంతలో నర్సు వచ్చి పిలిస్తే, మాట్లాడుకోండి అని ఆవిడ పక్క గదికి వెళ్ళింది. నేను సంతకం చేసి కాగితం ఆయన ముందుకి జరిపాను. ఆయన కలం తీసుకుని, మూత తీసి ఆగాడు.

“పెడతాను. కానీ పిన్నితో నువ్వే చెప్పాలి. ఆ రోజు కోపంలో అబద్ధమాడానని. లోపమంతా నీదేనని.”

దాచడమెందుకు, సరే అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క అబద్ధం, దానికి బదులు ముప్పై. బిడ్డ కోసం ఆ సీజనంతా అంతకంటే హీనమైనవే మింగాను. ఆయన నా ముఖంలోకి ఆశగా చూస్తున్నాడు, కలం కాగితానికి జానెడు దూరంలో ఉంది. ఈ మనిషి పోలికలతో ఒక ముఖం నా ఒళ్ళో పడుకుని నన్ను చూస్తున్నట్టు అనిపించింది. ఒళ్ళంతా కంపరమెత్తింది. కళ్ళు గట్టిగా మూసుకుని బిడ్డని మాత్రమే తల్చుకుందామని చూశాను, కుదరలేదు.

డాక్టరమ్మ తిరిగొచ్చి, ఏమనుకున్నారు అని అడిగింది.

“ఆ మాత్రలు రాయండి,” అన్నాను.

“అవి వాడితే ఈ మంచి కాలం పోతుంది. తర్వాత ఎంత మిగులుతుందో నేను చెప్పలేను. తెలిసే అంటున్నావా?”

తెలిసే అంటున్నానన్నాను. అప్పుడొచ్చాయి కళ్ళనీళ్ళు. డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది. మా ఆయన కలానికి మూత పెట్టాడు. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. ముఖం మీది రుమాలు తీసి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి, “ఏడవకు. పద, ఎండలో నడవలేవు, ఆటోలో వెళ్దాం,” అన్నాడు.

ఆ సీజనంతటిలో ఆయన నాతో ప్రేమగా మాట్లాడింది అదొక్కసారే.